ఆకాశం నుండి రాలిన ప్రయోగశాల

1979 జూలై. “స్కైలాబ్ పడుతుందట!” అన్న మాట తెలుగు పల్లెల్లో ఊరూరా పాకింది. ఇక బతుకు లేదనుకొని కోళ్లను, మేకలను కోసుకు తిన్నవారిని గురించి ఆనాటి పెద్దలు ఇప్పటికీ చెప్పుకొంటారు. ఆ భయాన్ని చూసి నవ్వడం తేలిక. కాని స్కైలాబ్ ఎక్కడ పడుతుందో దానిని నిర్మించిన శాస్త్రజ్ఞులకు కూడ తెలియదు. భూమధ్యరేఖకు ఇరువైపులా 50 డిగ్రీల అక్షాంశాల మధ్య తిరిగే ఆ నౌక మార్గంలో తెలుగునేల కూడ ఉంది.

స్కైలాబ్ అమెరికా తొలి అంతరిక్ష కేంద్రం. బరువు దాదాపు 77 టన్నులు. 1973 మే 14న దానిని ప్రయోగించారు. మూడు బృందాల వ్యోమగాములు అందులో నివసించి పరిశోధనలు సాగించారు. 1974 ఫిబ్రవరిలో చివరి బృందం తిరిగివచ్చాక అది ఖాళీగా మిగిలింది. స్పేస్ షటిల్‌ను పంపి దానిని పై కక్ష్యలోకి నెట్టాలని సంకల్పించారు. షటిల్ తొలిసారి ఎగిరింది 1981లో. స్కైలాబ్ అంతకాలం ఆగలేదు.

నాలుగువందల కిలోమీటర్ల ఎత్తున కూడ గాలి బొత్తిగా లేకపోలేదు; అతి పలుచగా ఉంటుంది. దాని రాపిడికి నౌక శక్తి క్షీణించి, కక్ష్య క్రమంగా కుంగుతుంది. సూర్యునిలో చైతన్యం హెచ్చినప్పుడు వాతావరణపు పైపొరలు వేడెక్కి వ్యాకోచిస్తాయి, రాపిడి పెరుగుతుంది. 1970 దశకం చివర సూర్యుడు అంచనాలను మించి విజృంభించాడు. సూర్యుని పోకడ ముందుగా కచ్చితంగా తెలియదు గనుక పతన సమయమూ కచ్చితంగా తెలియదు. పైగా ఇటువంటి నౌక గంటన్నరలో భూమిని చుట్టివస్తుంది. లెక్క అరగంట తప్పితే పతనస్థలం భూగోళం చుట్టుకొలతలో మూడవవంతు దూరం జరిగిపోతుంది!

జూలై 11న, చివరి గంటల్లో, భూమి నుండి సంకేతాలు పంపి స్కైలాబ్‌ను పల్టీలు కొట్టేటట్లు చేశారు. ఆఫ్రికా దక్షిణపు కొనకు దిగువన సముద్రంలో దానిని పడవేయాలని ఉద్దేశం. అది ఊహించినంత త్వరగా ముక్కలు కాలేదు. శకలాలు కొన్ని హిందూ మహాసముద్రంలో, మరికొన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరాన్స్ పట్టణ ప్రాంతంలో రాలాయి. ఎవరూ గాయపడలేదు. చెత్త పారవేసినందుకు అక్కడి స్థానిక పాలకమండలి నాసాకు 400 డాలర్ల జరిమానా విధించింది. దానిని 2009లో అమెరికా రేడియో వ్యాఖ్యాత ఒకరు శ్రోతల విరాళాలతో చెల్లించాడు.

నాటి అనిశ్చితి నేటికీ తొలగలేదు. 1972లో శుక్రగ్రహానికి బయలుదేరి, భూకక్ష్యను దాటలేకపోయిన సోవియట్ నౌక కాస్మోస్ 482 ఇందుకు నిదర్శనం. శుక్రుని తీవ్రమైన వేడిమిని, ఒత్తిడిని తట్టుకొనేటట్లు నిర్మించిన దాని దిగుడు భాగం 53 సంవత్సరాలు తిరిగి, 2025 మే 10న కూలింది. హిందూ మహాసముద్రంలో పడిందని రష్యా ప్రకటించింది. ముందురోజు వరకు వివిధ సంస్థలు వేసిన అంచనాలలో గంటల కొద్దీ తేడా ఉండినది.