పిండి పట్టిన రోజే బిస్కెట్

వీధి చివర పిండి మిషన్, చేనులో కొర్ర, ఇంట్లో చెనక్కాయలు, బెల్లం. మంచి బిస్కెట్‌కు గోధుమ తప్ప కావలసిన సరుకంతా అనంతపురం మెట్టలోనే ఉంది. దాన్ని ఒకచోటికి చేర్చడమే మిగిలింది.

బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూస్తే చాలా సంగతులు రాసి ఉంటాయి. ఎప్పుడు తయారైంది, ఎన్ని నెలల్లోపు తినాలి, బరువెంత, ధరెంత. దినుసులను బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాయాలన్నది నిబంధన. ముందువైపు గోధుమ వెన్నుల బొమ్మ మెరుస్తున్నా, వెనక జాబితాలో మొదటి పేరు చాలాసార్లు మైదాదే. ఇంకాస్త కిందికి వస్తే 223 అనే అంకె కనబడవచ్చు. అది సోడియం మెటాబైసల్ఫైట్. దాని పనేమిటో తర్వాత చూద్దాం. ఇన్ని రాసినవాళ్లు ఒక తేదీ మాత్రం రాయరు. గోధుమ పిండిగా మారింది ఏ రోజు? బిస్కెట్ రుచికి ఆ తేదీయే మొదటి లెక్క.

గింజ పగిలినప్పటి నుంచి

గోధుమ గింజలో మూడు భాగాలున్నాయి. పైన తవుడు పొర, లోపల మొలక, మిగిలినదంతా పిండిపదార్థం. బరువులో మొలక వాటా మూడు శాతానికి మించదు. గింజలో నూనె శాతం ఎక్కువగా ఉండేది అందులోనే, కమ్మటి వాసనకు మూలం కూడా అదే. గింజ పగలనంత వరకు ఆ నూనె భద్రంగా ఉంటుంది. అందుకే బాగా ఎండిన గోధుమలు డబ్బాలో పోసి మూత పెడితే నెలల తరబడి చెడవు. మరలో పడిన మరుక్షణం కథ మారుతుంది. తవుడులోని ఎంజైములు నూనెను తాకుతాయి, గాలి తోడవుతుంది. పిండి మెల్లగా కమటు వాసన వైపు నడుస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివర యూరప్, అమెరికాల్లో ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చి ఈ చిక్కును తమ పద్ధతిలో విప్పాయి. తవుడును, మొలకను తీసేసి తెల్లటి పిండిని మాత్రం సంచుల్లో నింపాయి. అది దూరదేశాలకు ఓడలెక్కినా చెడలేదు, కానీ వాసనా పోయింది, పీచూ పోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమపిండిలో పీచు 11 గ్రాములకు పైగా ఉంటే, అంతే మైదాలో మూడు గ్రాములు కూడా లేదు.

పట్టిన పిండి నిలవ ఉండదన్న సంగతి మన పెద్దవాళ్లకు సజ్జ పిండి నేర్పింది. సజ్జలో నూనె ఎక్కువ. మర పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది. అందుకే రొట్టెకు ఎంత కావాలో అంతే ఇసుర్రాయిలో ఇసురుకునేవాళ్లు, పొద్దున ఇసిరింది ఆ పూటకే. తాజా పిండి గురించి ఇవాళ నగరాల్లో కొత్తగా వినబడుతున్న మాటలన్నీ ఆ ఏపూటకాపూట పద్ధతిలోనే ఉన్నాయి.

గోధుమ పండని సీమలో

అనంతపురానికి ఏటా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య వానలు వచ్చేసరికి నీరసిస్తాయి. ఎర్రనేల పలుచన, నీటిని పట్టి ఉంచదు. చలి, తడి రెండూ కోరే గోధుమకు ఇక్కడ చోటు లేదు. ఈ నేలకు తెలిసినవి కొర్ర, సామ, ఆరిక, సజ్జ, జొన్న. చెరువు కింద, బావి కింద రాగి, వరి.

గోధుమ ఇక్కడికి రైల్లోనూ లారీలోనూ వచ్చింది. 1956లో అమెరికాతో పీఎల్-480 ఒప్పందం కుదిరాక ఓడల్లో దిగిన గోధుమ దేశమంతటా రేషన్ దుకాణాలకు చేరింది. చపాతీ మొదట హోటల్ పలకల మీదికీ, తర్వాత షుగర్ రోగుల రాత్రి భోజనంలోకీ వచ్చి కూర్చుంది. ఇప్పుడు అంగళ్లలో మధ్యప్రదేశ్ గోధుమలు, అందులోనూ సిహోర్ వైపు శర్బతి అంటే కాస్త ధర ఎక్కువ, గౌరవం ఎక్కువ.

బిస్కెట్ మాత్రం పక్క రాష్ట్రం నుంచి వచ్చింది. బెంగళూరు చిక్‌పేటలో 1898లో తిరుమలాచార్ పెట్టిన బేకరీతో అయ్యంగార్ బేకరీల వరస మొదలైందని చెబుతారు. హాసన్ జిల్లా పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఆ విద్యను ఊరూరికీ మోసుకెళ్లాయి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకే. అందుకే మన జిల్లా బజార్లలో 'బెంగళూరు అయ్యంగార్ బేకరీ' బోర్డు ఇంటి బోర్డే అయిపోయింది. కారా బిస్కెట్, వెన్న బిస్కెట్, అద్దాల పెట్టెలో దిల్ పసంద్ మనకు అక్కడి నుంచే అలవాటయ్యాయి. వాటి పిండి మాత్రం దాదాపు అంతా మైదా.

ఈలోగా చేలల్లో ఇంకో మార్పు జరిగింది. కొర్రలు, సామలు వెనక్కిపోయి లక్షల హెక్టార్లలో ఒకే పంట నిండింది. అదే చెనక్కాయ. వాన సమయానికి పడితే డబ్బు, పడకపోతే అప్పు. తిండి గింజ అంగడి నుంచి తెచ్చుకోవడం రైతు ఇంటికే అలవాటైంది.

రొట్టెకు కావాల్సింది బిస్కెట్‌కు అక్కర్లేదు

ఇక్కడే బిస్కెట్ మనకు ఒక మంచి మాట చెబుతుంది. బ్రెడ్ పొంగాలంటే పిండిలో సాగే గుణం ఉండాలి. ఆ గుణం గోధుమలోని గ్లూటెన్‌ది. బిస్కెట్ పొంగనక్కర్లేదు, సాగనక్కర్లేదు. పంటి కింద పటుక్కున విరగాలి, నోట్లో కరగాలి. గ్లూటెన్ బలంగా ఉంటే బిస్కెట్ గట్టిపడుతుంది, కాలేటప్పుడు ముడుచుకుంటుంది. ఫ్యాక్టరీలు ప్రొటీన్ తక్కువున్న మెత్తటి గోధుమను వెతుక్కునేది ఇందుకే. దొరకనప్పుడు సాగుడును విరవడానికి పిండిలో రసాయనం కలుపుతారు. ప్యాకెట్ మీది 223 చేసే పని అదే.

కొర్ర, రాగి, సజ్జ, జొన్నల్లో గ్లూటెన్ అసలు లేదు. బ్రెడ్‌కు ఇది లోపం. బిస్కెట్‌కు మాత్రం వరం. మూడు పాళ్ల గోధుమపిండిలో రెండు పాళ్ల కొర్రపిండి కలిపితే సాగుడు దానంతటదే తగ్గుతుంది. రసాయనంతో సాధించేదాన్ని మెట్ట ధాన్యం ఊరకే ఇస్తుంది. అలాగని అచ్చంగా చిరుధాన్యంతోనే చేస్తే పట్టు చాలక పొడిపొడిగా రాలుతుంది. గోధుమ కొంత ఉంటే చేతికి ఆగుతుంది. దూరం నుంచి వచ్చిన గోధుమ పట్టు ఇస్తుంది, ఇంటి పక్క కొర్ర మెత్తదనం ఇస్తుంది.

రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న బిస్కెట్లు తయారుచేసి చూపించి చాలా ఏళ్లయింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక సూపర్ మార్కెట్ అరల్లో రాగి బిస్కెట్లు వరస కట్టాయి. వాటినీ తిప్పి చదవండి. పేరు రాగిది, మొదటి దినుసు మైదా అయిన ప్యాకెట్లు తక్కువేమీ లేవు.

చెన్నేకొత్తపల్లి దారి

కొర్ర ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లకు జవాబు దగ్గరలోనే ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర బీడుపడిన భూమిలో 1990లో సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం తదితరులు మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్ ముందు ఆ బీడుకు పచ్చదనం తెచ్చింది. తర్వాత చుట్టుపక్కల రైతులను రసాయనాలు లేని సేద్యం వైపు, చిరుధాన్యాల వైపు మళ్లించింది. 2008లో రైతులే సభ్యులుగా 'ధరణి' సహకార సంఘం ఏర్పడింది. సభ్యుల పంట కొని, శుద్ధి చేసి, 'టింబక్టు ఆర్గానిక్' పేరుతో అమ్మడం దాని పని. 2022లో జిల్లా రెండుగా విడిపోయాక చెన్నేకొత్తపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. మెట్ట మాత్రం విడిపోలేదు.

ఆ సంఘం చేసిన పనిలో గమనించాల్సింది మధ్య మెట్టు. చిరుధాన్యం వెనకబడడానికి వాన ఒక్కటే కారణమైతే కొర్ర ఎప్పుడూ ఓడిపోయేది కాదు. నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన సూర్యనంది, ఎస్ఐఏ 3085 లాంటి కొర్ర రకాలు మూడు నెలల్లోపే చేతికొస్తాయి. చిక్కంతా కోత తర్వాతే. దంచాలి, పొట్టు తీయాలి, రాళ్లు ఏరాలి. రోలు, రోకలి ఇళ్లలోంచి వెళ్లిపోయాక ఆ పని ఎవరూ చేయలేదు. ఊళ్ల దగ్గరే పొట్టు తీసే యంత్రం పెట్టినప్పుడు గింజ మళ్లీ తిండి అయింది. బిస్కెట్ విషయంలోనూ అంతే. చేనుకూ పొయ్యికీ మధ్య ఒక మర కావాలి. ఆ మర ప్రతి వీధిలోనూ ఉంది.

మిషన్ దగ్గర ఏం చెప్పాలి?

చపాతీకి మంచి పిండి బిస్కెట్‌కు మంచిది కాదు. మిషన్‌లో రాళ్లు దగ్గరగా బిగించి మెత్తగా పట్టినప్పుడు పిండిరేణువులు దెబ్బతిని నీళ్లు ఎక్కువ తాగుతాయి. చపాతీ మృదువుగా ఉండేది దానివల్లే. బిస్కెట్ పిండి నీళ్లు ఎంత తక్కువ తాగితే అంత కరకర. కాబట్టి 'కొంచెం బరకగా, రవ్వ కాకుండా' అని చెప్పండి. గోధుమలు పూర్తిగా ఎండి ఉండాలి, తడి గింజ రాళ్లకు అతుక్కుంటుంది. మీ ముందు ఏం ఆడించారో చూసుకోండి. గోధుమల వెనక గోధుమలైతే సరే, శనగపప్పు వెనకైతే మొదటి దోసెడు పిండి పక్కన పెట్టేయండి.

ఇంటికి తెచ్చిన పిండి వేడిగా ఉంటుంది. వెంటనే కలిపితే నెయ్యి కరిగి బిస్కెట్ పొయ్యిలో పరుచుకుపోతుంది. చాటలో పోసి పూర్తిగా చల్లారనివ్వాలి. సన్న జల్లెడ పడితే తవుడంతా పైనే ఉండిపోతుంది, పెద్ద కన్నుల జల్లెడ చాలు. కలిపిన ముద్దను అరగంట మూతపెట్టి ఉంచితే తవుడు తడి పీల్చుకుని మెత్తబడుతుంది. ఈ అరగంట ఓపిక పట్టనివాళ్ల బిస్కెట్లే నోట్లో ఇసకలా తగులుతాయి.

ఇంటి కొలత: సుమారు 30 బిస్కెట్లకు

ఆ వారంలో పట్టించిన గోధుమపిండి 150 గ్రాములు, కొర్రపిండి 100 గ్రాములు, వేయించి పొట్టు తీసిన చెనక్కాయ విత్తనాల పొడి 50 గ్రాములు, పొడి బెల్లం 120 గ్రాములు, గడ్డకట్టిన నెయ్యి 120 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర చెంచా, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు, రెండు మూడు చెంచాల పాలు.

నెయ్యి, బెల్లం కలిపి తెల్లబడే దాకా గిలకొట్టాలి. పిండ్లు, చెనక్కాయ పొడి, దంచిన యాలకులు, ఉప్పు, బేకింగ్ పౌడర్ కలిపి అందులో వేసి వేళ్లతో తేలిగ్గా కలపాలి. చపాతీ ముద్దలా పిసకకూడదు. ముద్ద కట్టేంత వరకే పాలు. అరగంట ఆగి, చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి వత్తి, 160 డిగ్రీల వేడిలో 18 నుంచి 20 నిమిషాలు కాల్చాలి. బెల్లం త్వరగా మాడుతుంది కనుక చివరి అయిదు నిమిషాలు కన్నేసి ఉంచాలి. తీసినప్పుడు మెత్తగా ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. ఓవెన్ లేకపోతే మందపాటి బాండ్లిలో ఇసుక గానీ ఉప్పు గానీ పోసి, పైన స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడిచేసి, పళ్లెంలో బిస్కెట్లు ఉంచి మూత బిగించాలి. బెల్లం గాలిలోని తేమను లాగుతుంది, డబ్బా మూత గట్టిగా లేకపోతే మర్నాటికే మెత్తబడతాయి.

ఔషధం అనుకోవద్దు

ఇంటి బిస్కెట్ కూడా బిస్కెట్టే. పై కొలతలో నెయ్యి, బెల్లం ఎంత ఉన్నాయో మరోసారి చూడండి. గోధుమ, కొర్ర ఉన్నాయి కదా అని షుగర్ ఉన్నవాళ్లు గుప్పెడు తింటే రక్తం ఊరుకోదు. బెల్లమైనా చక్కెర చక్కెరే. కొర్రకు బదులు రాగి కలిపితే కాల్షియం కలిసొస్తుంది. అదే పోషకాహార పట్టికల్లో 100 గ్రాముల రాగిలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, గోధుమపిండిలో సుమారు 31. పిల్లల విషయంలో ఈ తేడా చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020 నుంచి చెనక్కాయ చిక్కీ, 2023 నుంచి రాగి జావ పెట్టడం వెనక ఉన్న ఆలోచన కూడా పిల్లల పోషణే. ఆ రెండింటి సరుకూ బిస్కెట్‌లోకి ఇమిడిపోతుంది.

బేకరీ పొయ్యి ఖాళీగా ఉన్నప్పుడు

ప్రతి ఇంట్లో ఓవెన్ కొనమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మన పట్నాల్లో ఒకప్పుడు ఒక పద్ధతి ఉండేది. రంజాన్‌కో, పెళ్లికో, వేసవి సెలవులకో ఇంటి నుంచి పిండి, పంచదార, డాల్డా తీసుకెళ్లి బేకరీలో బిస్కెట్లు చేయించుకునేవాళ్లు. కూలి ఇచ్చి డబ్బాల నిండా తెచ్చుకునేవాళ్లు. ప్యాకెట్లు చవకయ్యాక అది చాలాచోట్ల తగ్గింది. దాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. నాలుగిళ్లవాళ్లు కలిసి గోధుమలు, కొర్రలు ఒకేసారి పట్టించుకుంటే మిషన్ అతనికీ గిట్టుబాటు. అయిదారు కిలోల పిండి ఒక్కసారి వస్తే బేకరీకీ గిట్టుబాటు. కట్టెల పొయ్యి ఉన్న బేకరీలో బ్రెడ్ దించాక ఇటుకల్లో మిగిలే వేడి బిస్కెట్లకు సరిగ్గా సరిపోతుంది. ఆ వేడి ఎలాగూ వృథాయే.

ఇలా ప్రతి వీధి నెలకు పది కిలోల కొర్ర అడిగితే, వచ్చే ఖరీఫ్‌లో చెనక్కాయ చేలో నాలుగు సాళ్లు కొర్ర వేయడానికి రైతుకు ఒక కారణం దొరుకుతుంది. వాన ముఖం చాటేసిన ఏడాది ఆ నాలుగు సాళ్లే ఇంటికి గింజ తెచ్చిపెడతాయి. ఈ ఆదివారం బేకరీకి వెళితే ప్యాకెట్ కొనే ముందు ఒక్క మాట అడగండి: 'మా పిండి తెస్తే కాల్చిస్తారా?'