తరం పెరిగితే బలం పెరిగినట్టేనా?

మందుల షాపు కౌంటర్లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. "పిల్లాడికి జలుబు, జ్వరం. పోయినసారి రాసిన సెఫిక్సిమ్ మాత్రలే నాలుగివ్వండి మేడమ్" అని అడిగే తల్లులు చాలామంది. చీటీ లేకుండా ఇవ్వనంటే కోపం. అసలు ఆ మాత్ర ఏం చేస్తుందో తెలిస్తే అంత కోపం రాదు.

సెఫిక్సిమ్, సెఫాలెక్సిన్, సెఫ్ట్రియాక్సోన్... ఇవన్నీ సెఫలోస్పోరిన్లనే ఒకే కుటుంబం. 1945లో ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో బ్రోట్జు అనే ప్రొఫెసరు, మురుగునీరు సముద్రంలో కలిసేచోట ఒక బూజును గుర్తించాడు. అది టైఫాయిడ్ క్రిముల్ని పెరగనివ్వలేదు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహాం, న్యూటన్ ఆ బూజు నుంచి సెఫలోస్పోరిన్-సి వేరుచేశారు. 1964లో ఈ కుటుంబపు తొలి మందు అమ్మకానికొచ్చింది.

బాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. ఆ గోడ కట్టే మేస్త్రీల చేతులు పట్టేసుకుంటుంది ఈ మందు. గోడ నిలవక క్రిమి పగిలి చస్తుంది. మన కణాలకు అలాంటి గోడ లేదు కాబట్టి మనకు హాని తక్కువ. వైరస్‌కూ గోడ లేదు! జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వచ్చేవే. అక్కడ ఈ మాత్ర వేస్తే పోయేది పేగుల్లోని మంచి బాక్టీరియానే. అందుకే విరేచనాలు. పైగా బతికి బట్టకట్టిన క్రిములు మందును విరిచేసే ఎంజైములతో మొండికేస్తాయి. రేపు నిజంగా టైఫాయిడ్ వస్తే మందు పనిచేయకపోవచ్చు.

"ఫస్ట్ జనరేషన్ వద్దు, థర్డ్ జనరేషన్ ఇవ్వండి" అనేవాళ్లూ ఉన్నారు. తరం పెరిగితే బలం పెరిగినట్టు కాదు, గురి మారినట్టు. చర్మం మీద చీముగడ్డలకు మొదటి తరం సెఫాలెక్సిన్ బాగా పనిచేస్తుంది. మూడో తరం సెఫిక్సిమ్ అక్కడ అంతగా పనికిరాదు. ఏ జబ్బుకేదో డాక్టరే చెప్పాలి.

వేళ కూడా ముఖ్యమే. ఈ మందులు రక్తంలో తగినంతసేపు నిలిస్తేనే పనిచేస్తాయి. ఉదయం మరిచాం కదా అని రాత్రి రెండు కలిపి మింగితే లాభం లేదు. జ్వరం తగ్గిందని మీ అంతట మీరు మానేయొద్దు, మిగిలినవి దాచి ఇంకొకరికి ఇవ్వొద్దు.

పెన్సిలిన్ పడని వాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. మందు వేసుకున్నాక దద్దుర్లు వచ్చినా, పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సెఫిక్సిమ్ లాంటి మూడో తరం మందుల్ని 2014 నుంచి మన దేశంలో హెచ్1 షెడ్యూలు కింద అమ్ముతున్నాం. చీటీ ఉండాలి, మేం రిజిస్టర్లో రాయాలి, దాన్ని మూడేళ్లు దాచాలి. కాబట్టి ఇది నా మొండితనం కాదు.

ఈసారి డాక్టరు దగ్గర "ఇది బాక్టీరియా జబ్బేనా? ఎన్ని రోజులు వాడాలి?" అని అడగండి. అడగడానికి మొహమాటమెందుకు?