మ్యాచ్ గెలిచారు, మరి కప్పేది? ‘టెడ్ లాసో’ సీజన్ 3 లాస్ట్ ఎపిసోడ్

ఈ వీడియోలో అన్నీ స్పాయిలర్లే. ‘టెడ్ లాసో’ చూడనివాళ్లు చూశాక రండి.

మా పామర్రు కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: “అన్నా, లాస్ట్ మ్యాచ్ గెలిచారుగా, కప్పు ఎందుకు రాలేదు?”

మనకి ఐపీఎల్ అలవాటు. ఫైనల్ గెలిస్తే కప్పు. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో అసలు ఫైనలే ఉండదు. 20 టీములు, ఒక్కో టీముకి 38 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. సీజన్ మొత్తమ్మీద ఎవరికి ఎక్కువుంటే కప్పు వాళ్లది. అట్టడుగున ఉన్న 3 టీములు కింది లీగ్‌కి పోతాయి. సీజన్ 1 చివర్లో రిచ్‌మండ్ అలాగే పడిపోయింది, సీజన్ 2లో మళ్లీ పైకొచ్చింది.

2023 మే 31న వచ్చిన ఈ ఎపిసోడ్‌లో వెస్ట్ హామ్ మీద హాఫ్ టైమ్‌కి 0-2తో వెనకబడ్డారు. అప్పుడు ప్లేయర్లు ఒక్కొక్కరూ దాచుకున్న ‘బిలీవ్’ బోర్డు ముక్కలు తీసి కలుపుతారు. 3-2తో గెలుస్తారు. కానీ మాంచెస్టర్ సిటీ కూడా గెలిచేసింది. రిచ్‌మండ్ రెండో ప్లేస్.

ఇది మన ఈఏపీసెట్ లాంటిదే. మార్కులు మన చేతిలో ఉంటాయి, ర్యాంకు మాత్రం పక్కవాడి మార్కుల్ని బట్టి కూడా మారుతుంది. మనం రాయని పేపర్‌కి మనల్ని మనం తిట్టుకుంటే ఏం లాభం?

అందుకే రైటర్లు కథని స్కోర్‌బోర్డు దగ్గర ఆపలేదు. టెడ్ కొడుకు కోసం కాన్సస్ వెళ్లిపోతాడు. రెబెకా క్లబ్‌లో 49 శాతం వాటా ఫ్యాన్స్‌కి అమ్మేస్తుంది. రాయ్ కోచ్ అవుతాడు. టెడ్ లేకపోయినా టీమ్ నడుస్తుంది. కోచ్‌గా అతను గెలిచింది అక్కడ.

మన ‘జెర్సీ’ (2019) గుర్తుందా? 36 ఏళ్లకి మళ్లీ బ్యాట్ పట్టిన అర్జున్‌కి ఇండియా జెర్సీ తొడుక్కునే రోజే రాలేదు. అతను పోయాక అది ఇంటివాళ్లకి అందుతుంది. అయినా అతన్ని ఓడిపోయాడని ఎవరైనా అంటారా? కొడుకు కళ్లలో ఎప్పుడో గెలిచేశాడు.

గుడివాడలోనో, బందరులోనో సెలక్షన్ లిస్టులో పేరు లేదని కిట్ అటక మీద పడేసిన తమ్ముళ్లకి ఒకటే మాట. లిస్టు చెప్పేది ఈ ఏడాది సంగతే. ఆట మానేయాలా, వద్దా అనేది లిస్టులో ఉండదు. అది మీరే తేల్చుకోవాలి.