బోటులో రేడియో గరగరలాడుతోందా? సెట్టు మార్చే ముందు తీగ చూడండి

దొరవారిసత్రం వైపు పులికాట్ సరస్సులో వేటకు వెళ్లినంతసేపు సెల్‌ఫోన్‌తో పని జరిగిపోతుంది. శ్రీహరికోటకు ఆవల బంగాళాఖాతంలోకి వెళ్తే మాత్రం సిగ్నల్ ఎక్కువ దూరం రాదు. తెరచాప పడవైనా, ఇంజిన్ బోటైనా అక్కడ దిక్కు వీహెచ్ఎఫ్ రేడియోనే. ఆపదలో పిలవాల్సింది 16వ ఛానల్‌లో. అది వినపడకపోతే పక్క బోటు కేకా తెలియదు, తుపాను కబురూ తెలియదు. మీ ఇంట్లోనో, బంధువుల్లోనో బోటున్నవాళ్లుంటే ఇది వాళ్లకు పంపండి.

ముందు స్క్వెల్చ్ మీటను పూర్తిగా తగ్గించండి. 'హిస్స్' మని శబ్దం వస్తే స్పీకర్ పనిచేస్తున్నట్టే. స్క్వెల్చ్ ఎక్కువగా పెట్టేసి రేడియో చెడిపోయిందనుకునే వాళ్లూ ఉంటారు!

పక్కనే చేతి రేడియోలో స్పష్టంగా వినపడే మాట మీ పెద్ద సెట్టులో రాకపోతే అనుమానించాల్సింది యాంటెన్నా కేబుల్‌ను. ఉప్పునీరు కనెక్టర్‌లోకి దిగితే రాగి పచ్చగా చిలుము పడుతుంది. కేబుల్‌ను రెండు చివరలా విప్పి, నడిమి తీగకూ చుట్టూ ఉన్న జాలికీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. బీప్ వస్తే లోపల రెండూ తగులుకున్నట్టే. చిలుము పట్టిన ముక్క కోసేసి, రాగి మెరిసే చోట కొత్త కనెక్టర్ వేసి, నీరు చొరని టేపు చుట్టాలి. తెరచాప పడవల్లో స్తంభం మొదట్లో ఉండే అతుకును మరవొద్దు. యాంటెన్నా తగిలించకుండా మాత్రం మాట్లాడే బటన్ నొక్కకండి, సెట్టు కాలిపోవచ్చు.

కేబుల్ బాగున్నా గోల తగ్గలేదా? ఎల్ఈడీ లైట్లు, ఛార్జర్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. నాసిరకం ఎల్ఈడీలు రేడియోను గట్టిగానే చెడగొడతాయి.

ఇక దూరం సంగతి. వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమి వంపు దాటలేవు. రెండు బోట్లలోనూ యాంటెన్నా 4 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 16 కిలోమీటర్లు అందుతుంది. ఒక్కో మీటరు ఎత్తులోనే ఉంటే 8 కిలోమీటర్లే. 25 వాట్ల సెట్టు కొన్నా వినికిడి పెరగదు, ఆ వాట్లు మన మాట పంపడానికే.

ఈ పరీక్షలన్నీ ఒడ్డునే, బయల్దేరే ముందే చేయండి, అదీ 16వ ఛానల్‌లో వద్దు. బోటు తిరిగి రాలేదని ఇంట్లో కంగారు మొదలైతే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.