42 వరసల ఆకాశం

సోమవారం మీటింగులో ఎడిటర్‌గారు రెండు ముక్కల్లో తేల్చేశారు. "కుర్రాళ్ల కంప్యూటర్లలో ఎక్కడ చూసినా జపాన్ బొమ్మలే. ఆ వాల్‌పేపర్లు ఎలా చేస్తారో ఈసారి ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికల్లా కాపీ ఇచ్చేయండి." అనిమే అంటే నాకు ముందునుంచీ ప్రాణం. వాళ్లనీ వీళ్లనీ అడిగి రాసేకంటే ఒకటి నేనే చేసి చూద్దామనిపించింది.

బొమ్మ కోసం వెతుక్కోనక్కర్లేదు. 2020 సెప్టెంబరులో జపాన్ అనిమే సంస్థ స్టూడియో జిబ్లీ తన 8 సినిమాల నుంచి, ఒక్కోదానికి 50 చొప్పున, 400 స్టిల్స్ అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఇంగితం దాటకుండా స్వేచ్ఛగా వాడుకోండన్నదే షరతు. వాటిలోంచి హయావో మియజాకి 2013లో తీసిన 'ద విండ్ రైజెస్' స్టిల్ ఒకటి తీసుకున్నాను. పచ్చటి గుట్ట మీద గొడుగు నీడన నిలబడి కథానాయిక నాహోకో బొమ్మ వేసుకుంటోంది. వెనక ఆకాశం.

బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్‌లో 1920, 1080 కొలతలతో కొత్త ఫైలు తెరిచి స్టిల్‌ని అందులో పెట్టాను. వెడల్పు అతికినట్టు సరిపోయింది. ఎత్తే చాల్లేదు. స్టిల్ ఎత్తు 1038. సినిమా చట్రం 1.85కి 1, మన తెర 16కి 9. ఆ తేడా వల్ల 42 వరసల పిక్సెళ్లు ఖాళీగా మిగిలాయి.

బొమ్మని కాస్త పెద్దది చేసి పక్కలు కోసేయొచ్చు. అలా చేస్తే 78 నిలువు వరసలు పోతాయి, గీతల పదును తగ్గుతుంది. అయినా ఎవరో ఆలోచించి కూర్చిన దృశ్యాన్ని కోయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆకాశాన్నే 42 వరసలు పెంచుదామనుకున్నాను.

పై అంచులోని నీలం తీసుకుని ఖాళీలో నింపితే గోడకి సగం సున్నం కొట్టినట్టు అడ్డంగా గీత పడింది. క్లోన్ టూల్‌తో కింది ఆకాశాన్ని పైకి తెస్తే ఒకే మబ్బుతునక రెండుచోట్ల, కవలల్లా. పైనున్న 200 వరసల్ని 242కి సాగదీస్తే కుంచె జాడలు సేమియాలా సాగిపోయాయి. 400 శాతం జూమ్ చేశాకగానీ కారణం తెలియలేదు. అది ఒక నీలం కాదు. ఎడమ చివర ఒకటి, నడిమిన ఒకటి, కుడి చివర మరొకటి. పైకి పోయేకొద్దీ చిక్కబడుతోంది. కళాదర్శకుడు యోజి తకెషిగె బృందం కాగితం మీద పోస్టర్ రంగులతో చేత్తో వేసిన ఆకాశం అది. సినిమాలో అది కళ్లముందు ఉండేది కొన్ని క్షణాలే. నేను దాని ముందు రెండు రోజులు కూర్చున్నాను.

ఈ వాల్‌పేపర్ల వెనకున్న చరిత్ర క్లుప్తంగా: పాత అనిమేలో పాత్రల్ని 'సెల్' అనే పారదర్శకమైన షీట్ల మీద గీసి, రంగులు నింపి, నేపథ్యం మీద పరిచి ఫొటో తీసేవారు. 1994లో ఫొటోషాప్ 3.0తో వచ్చిన లేయర్లూ అలాంటివే. 1996లో జింప్ ఉచితంగా చేతికొచ్చింది. 2000 తర్వాత అభిమానులు పత్రికల్లోని బొమ్మలు స్కాన్ చేసి, పెన్ టూల్‌తో ప్రతి గీతా మళ్లీ గీసి వాల్‌పేపర్లు చేశారు.

పక్క పెట్టె: మరికొన్ని సంగతులు

చిన్న బొమ్మని పెద్దది చేయడానికి 2015లో 'వైఫు2ఎక్స్' వచ్చింది. అనిమే గీతల మీద బాగా పనిచేస్తుంది. కుంచె జాడలున్న నేపథ్యాన్ని మాత్రం నున్నగా చేసేస్తుంది, అది నాకు నచ్చదు. పని పూర్తయ్యాక పీఎన్‌జీగా దాచుకోండి. జేపెగ్ బొమ్మని 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి నల్ల గీతల చుట్టూ మరకలు తేలతాయి. జిబ్లీ అనుమతి ఆ స్టిల్స్‌కే. 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకొచ్చిన యుగో సాకో అనిమే 'రామాయణ' అయినా, మరొకటైనా హక్కులు వాటి యజమానులవే. మన తెరకి పెట్టుకోవడం వేరు, ముద్రించి అమ్ముకోవడం వేరు.

బుధవారం రాత్రి మా లేఅవుట్ ఆర్టిస్టు తొంగిచూశాడు. "దీనికింత తిప్పలెందుకన్నా? బొమ్మని పైకి జరుపు. కింద టాస్క్‌బార్ ఎలాగూ 48 పిక్సెళ్లు కప్పేస్తుంది. నీకు తక్కువైంది 42 కదా!" విండోస్ 11లో లెక్క సరిగ్గా అంతే. జరిపి చూశాను, ఖాళీ కనబడలేదు. కానీ బార్ దాక్కునేలా పెట్టుకున్నవాళ్లకి నాహోకో కాళ్ల కింద నల్లపట్టీ బయటపడుతుంది. బొమ్మని మళ్లీ కిందికి దించాను.

చిన్న కుంచె, 20 శాతం గాఢత. బెత్తెడు దూరానికోసారి అక్కడి నీలమే తీసుకుని, కొంచెం చిక్కబరిచి పైకి వేసుకుంటూ వెళ్లాను. పైన పలచగా నాయిస్ చల్లితే కాగితం గరుకుదనం వచ్చింది. అతుకు వెంబడి హీల్ టూల్ నడిపాను. గురువారం మధ్యాహ్నానికి ఆకాశం కుదిరింది. తెరకి పెట్టి తమ్ముణ్ని పిలిచాను. కుర్చీ లాక్కుని, కళ్లు చికిలించి, "అతుకు ఇక్కడే కదన్నా?" అంటూ వేలు పెట్టాడు.

ఆ వేలు అతుక్కి జానెడు కింద, జిబ్లీవాళ్లు వేసిన ఆకాశం మీద ఉంది.