గొట్టం మార్చినంత మాత్రాన కాలుష్యం పోదు

అపోహ: శుద్ధి కేంద్రం ఉంటే నీళ్లు బాగుపడినట్టే.

వాస్తవం: పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం 1990ల నుంచీ ఉంది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు అక్కడికి చేరేవి. శుద్ధి చేసి వదిలిన నీటినే స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది! ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియాకు ఆ మందు ఇక పనిచేయదు. నీటి కాలుష్యాన్ని కొలిచే బీఓడీ, సీఓడీ లెక్కల్లో ఈ మందు జాడే తెలియదు. యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2020లో ముసాయిదా తెచ్చింది, కానీ 2021లో వచ్చిన తుది నిబంధనల్లో అవి లేవు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

అపోహ: వాగులోకి వదలకపోతే చాలు.

వాస్తవం: పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు పాడై మంజీర నది దాకా ముప్పు వచ్చాక, 18 కిలోమీటర్ల గొట్టం వేసి ఆ శుద్ధి కేంద్రం నీళ్లను హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపారు. అది ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రం. అక్కడి సూక్ష్మజీవులు నీళ్లలో కరిగిన లవణాలను ఏమీ చేయలేవు. ఆ లవణాలు మూసీ నదిలోకే పోతాయి. ఆ మూసీ నీళ్లతోనే గడ్డి పెంచి పాడి పశువులకు మేపుతున్నారు.

అపోహ: 'జీరో లిక్విడ్ డిశ్చార్జ్' అంటే బయటికేమీ రాదు.

వాస్తవం: ద్రవం రాదు, అంతే. నీళ్లు మరిగించి ఆవిరి చేస్తే అడుగున లవణాలు మిగులుతాయి. వాటిని ఎక్కడో ఒకచోట పూడ్చాలి. మరిగించడానికి ఇంధనం కాల్చాలి. నీళ్లలోని సాల్వెంట్లను, అంటే ద్రావకాలను, ముందే వేరు చేయకపోతే అవి గాలిలో కలుస్తాయి. ఈ పద్ధతి వద్దని కాదు, అది ఒక్కటే సరిపోదు.

అపోహ: మనకు చట్టాలు లేవు.

వాస్తవం: నీటికి 1974లో, గాలికి 1981లో, మొత్తం పర్యావరణానికి 1986లో చట్టాలు వచ్చాయి. తనిఖీలే ముక్కలుగా సాగుతున్నాయి. యూరప్ 1996లోనే నీరు, గాలి, నేల, వ్యర్థాలను కలిపిచూసే ఒకే అనుమతి విధానం తెచ్చింది. ఇలా కలిపి చూడటం ఎందుకు అవసరమంటే, కిలో మందు తయారీకి దానికి ఎన్నో రెట్ల ముడిసరుకు, సాల్వెంట్లు వాడతారు. అందుకే ప్రజాభిప్రాయ సేకరణలో కంపెనీని అడగాల్సింది ఆ లెక్కే: లోపలికి వెళ్లేదెంత, మందుగా వచ్చేదెంత, మిగతాదంతా ఎటు పోతోంది?