మిసిసిపీ రాష్ట్రములో పిల్లలకు చదువు వచ్చిన విధము



మన పల్లెలలో బడి ప్రస్తావన వచ్చినప్పుడెల్లను మొదట వినవచ్చు ప్రశ్నలు మూడు. కట్టడము బాగుగా నున్నదా? పంతులు వేళకు వచ్చుచున్నాడా? పిల్లవాడు పై తరగతికి పోయినాడా? ఈ మూడును అడుగదగినవే. కాని వీనికన్న ముందు అడుగవలసిన ప్రశ్న యింకొకటి కలదు. మూడవ తరగతి పిల్లవాని చేతికి, వాడెన్నడును చూడని పుట నొకదాని నిచ్చినచో, దానిని చదివి అందేమున్నదో చెప్పగలడా? ఈ యొక్క ప్రశ్నను పట్టుకొని ఒక బీద రాష్ట్రము తన బడులను పదేండ్లలో ఎట్లు చక్కబెట్టుకొన్నదో నేడు మనవి చేసెదను.

ఆ రాష్ట్రము పేరు మిసిసిపీ. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ భాగమున, అదే పేరుగల మహానది యొడ్డున నున్నది. జనసంఖ్య సుమారు 30 లక్షలు. నది తెచ్చిన ఒండ్రునేలలో పత్తి విస్తారముగా పండెడిది. ఆ పత్తిని పండించినవారు ఆఫ్రికానుండి తేబడిన బానిసలును, వారి సంతతివారును. 1865లో బానిసత్వము రద్దయినను, నల్లవారి పిల్లలకు వేఱు బడులు, తెల్లవారి పిల్లలకు వేఱు బడులు ఉండెను. నల్లవారి బడులకు దక్కిన ధనము స్వల్పము. ఇట్లు వేఱుచేయుట చట్టవిరుద్ధమని 1954లో ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పు చెప్పగా, పిల్లలను కలిపి చదివించుట కిష్టపడని మిసిసిపీ పాలకులు 1956లో నిర్బంధవిద్యా చట్టమునే తీసివేసిరి. పిల్లలు కలియకుండిన చాలును, చదువు లేకపోయినను సరే యను పంతము అది. గవర్నరు విలియం వింటర్ కాలమున, 1982లో గాని ఆ చట్టము పూర్తిగా తిరిగి రాలేదు. చిన్నపిల్లల తరగతులు రాష్ట్రమంతట ప్రభుత్వబడులలో నేర్పాటయినదియు ఆ చట్టమువలననే.

ఇట్టి పూర్వచరిత్రకు ఫలము ఎట్లుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు. అమెరికాలో సాధారణముగా రెండేండ్ల కొకసారి జాతీయ పరీక్ష యొకటి జరుగును. ప్రతి రాష్ట్రమునుండియు కొందఱు పిల్లలను ఏరి పరీక్షింతురు. ఇందు పిల్లవానికిగాని పంతులకుగాని మార్కు లుండవు; మార్కు రాష్ట్రమునకే. 2013లో నాల్గవ తరగతి పిల్లల పఠనశక్తిలో, 50 రాష్ట్రములలో మిసిసిపీ 49వ స్థానమున నుండెను. దేశపు సగటు 221 కాగా దానికి వచ్చినది 209.

అక్కడి పిల్లలకు చదువు రాకపోవుటకు బీదతనమొక్కటియే కారణమా? కాదు. చదువు చెప్పు విధానములో కూడ లోపముండెను. అది తెలియుటకు మన భాషతో పోల్చి చూడవలెను. తెలుగులో అక్షరమున కొక ధ్వని, ధ్వని కొక అక్షరము. ఓనమాలు, గుణింతము, ఒత్తులు నేర్చిన పిల్లవాడు తానెన్నడు విననిమాటనైనను కూడబలుకుకొని పలుకగలడు. ఇంగ్లీషులో ఈ సౌకర్యము లేదు. అక్షరములు 26, ధ్వనులు సుమారు 44. ఒకే అక్షరము ఒకచోట 'క' యనియు, మఱొకచోట 'స' యనియు పలుకును. కనుక ఏ అక్షరము ఎచ్చట ఎట్లు పలుకునో వరుసగా, ఓపికతో నేర్పినగాని పిల్లవానికి పుస్తకము వశము కాదు.

కాని అమెరికాలో పెక్కు బడులవారు ఈ మార్గమును విడిచి, సుళువైనదని తోచిన మఱియొక మార్గము త్రొక్కిరి. మాట తెలియనిచో బొమ్మను చూడుము, వాక్యమును బట్టి ఊహింపుము, అని పిల్లలకు చెప్పుచుండిరి. బొమ్మలో గుఱ్ఱమున్నది. పిల్లవాడు దానిని చూచి 'హార్స్' అనును. పుటలో వ్రాసియున్నదో, పొట్టి గుఱ్ఱమును తెలుపు 'పోనీ' యను మాట. భావము దగ్గఱగనే యున్నదని ముందుకు సాగనిత్తురు. వాడు చదివినది బొమ్మను, అక్షరమును కాదు. పై తరగతులలో బొమ్మలు తగ్గి, పాఠము పెరిగినప్పుడు వాని ఊహలు పనిచేయవు. అప్పుడు వానికి చరిత్రయు రాదు, లెక్కల ప్రశ్నయు అర్థము కాదు. చదువుట నేర్వని పిల్లవాడు, చదివి నేర్చుకొనవలసిన వన్నియు పోగొట్టుకొనును.

ఈ లోపమును సవరించుటకు మొదట పూనుకొన్నది ఒక గృహస్థుని దానము. జిమ్ బార్క్స్‌డేల్ అను వర్తకుడును ఆయన భార్య శాలియు 2000లో 10 కోట్ల డాలర్లు ఇచ్చి, పిల్లలకు చదువుట నేర్పు పద్ధతికై ఒక సంస్థను నెలకొల్పిరి. దానమువలన త్రోవ తెలిసెను గాని, రాష్ట్రమంతటను నడచుటకు చట్టము కావలసివచ్చెను. అంతకు పూర్వమే ఫ్లారిడా రాష్ట్రము నడచిన మార్గమును పరిశీలించి, మిసిసిపీ శాసనసభ 2013లో పఠనశక్తిని బట్టి పై తరగతికి పంపు చట్టమును చేసినది. బడియీడునకు ముందటి శిశువులకు ప్రభుత్వధనముతో శిశుతరగతు లేర్పరచు చట్టమును ఆ యేడే వచ్చెను. ఆ సంవత్సరాంతమున కేరీ రైట్ అను విదుషీమణి రాష్ట్ర విద్యాశాఖకు అధిపతిగా వచ్చి, 2022 వరకు ఆ పదవిలో నుండెను. ఒకే పనిని ఒకే చేయి ఎనిమిదేండ్లకు పైగా విడువక నడుపుట ఈ కథలో ముఖ్యమైన విషయము.

ఆ చట్టము క్రింద జరిగిన పనులు నాలుగు.

మొదటిది, పంతుళ్లకే పాఠము చెప్పుట. ధ్వనికిని అక్షరమునకును గల సంబంధమేమి, పిల్లవాని మనస్సు మాటను ఎట్లు గుర్తించును, తడబడు పిల్లవానికి ఏ మెట్టు తప్పినది, అను విషయములందు చిన్న తరగతుల ఉపాధ్యాయులకు నెలల తరబడి సాగు శిక్షణ నిచ్చిరి. 2016 నుండి, చిన్న తరగతులకు క్రొత్తగా పంతులు కాగోరువారు చదువు నేర్పు శాస్త్రములో పరీక్ష నెగ్గవలెనను నియమము పెట్టిరి.

రెండవది, అన్నిటికన్న వెనుకబడిన బడులకు అనుభవజ్ఞులను పంపుట. ఆటలలో వలెనే వీరిని కోచ్‌లని పిలుతురు. వీరు రాష్ట్ర విద్యాశాఖ నియమించిన వారు. మన యెఱుకలోని ఇన్‌స్పెక్టరు వచ్చి, తప్పులు వ్రాసికొని వెళ్లును. వీరి పని అది కాదు. తరగతిలో పంతులు ప్రక్క నిలిచి, పాఠము చెప్పి చూపుదురు. పంతులు చెప్పగా విని, మెలకువలు తెలుపుదురు. పంతులు పై అధికారులకు ఫిర్యాదు చేయుట వీరి విధి కాదు గనుక, ఉపాధ్యాయులు తమకు తెలియనిదానిని దాచక అడుగగలిగిరి.

మూడవది, రోగము ముదరకముందే నాడి చూచుట. శిశుతరగతినుండి మూడవ తరగతి వరకు ప్రతి పిల్లవాని పఠనశక్తిని ఏడాదికి మూడుసార్లు పరీక్షింతురు. వెనుకబడినట్లు తెలిసిన వెంటనే తల్లిదండ్రులకు వ్రాతమూలకముగా తెలియజేయవలెనని చట్టము. మీ పిల్లవానికి ఫలాని లోపమున్నది, బడిలో మేము చేయుపని యిది, ఇంటిలో మీరు చేయదగిన పని యిది, అని ఆ ఉత్తరములో నుండును.

నాలుగవది, మూడవ తరగతి కడ గడప. 2015 నుండి, మూడవ తరగతి చివర చదువ రాని పిల్లవానిని నాల్గవ తరగతికి పంపరు. ఒకసారి తప్పినవానికి మఱి రెండు అవకాశము లిత్తురు. అంగవైకల్యము గలవారికిని, ఇంగ్లీషు క్రొత్తగా నేర్చుకొనుచున్న వారికిని మినహాయింపు లున్నవి. ఆగిపోయిన పిల్లవానిని ఊరక కూర్చుండబెట్టరు. సమర్థుడైన పంతులను చూచి అప్పగించి, దినమునకు 90 నిమిషములకు తక్కువ కాకుండ చదువుట నేర్పవలెనని నిబంధన.

వీనికి తోడు, బడులకు గ్రేడు లిచ్చునప్పుడు, ఎందఱు నెగ్గిరి అను లెక్కతోబాటు, అడుగున నున్న నాల్గవ వంతు పిల్లలు ఎంత ముందుకు వచ్చిరని కూడ లెక్కింతురు. ఇందువలన హెడ్మాస్టరు దృష్టి ముందు బల్లపై కూర్చున్న తెలివిగల పిల్లలనుండి, వెనుక బల్లపై నున్నవారివైపు మరలెను.

ఇక ఫలితమును చూతము. 2019లో నాల్గవ తరగతి పఠనమున చెప్పుకోదగిన అభివృద్ధి చూపిన రాష్ట్రము మిసిసిపీ యొక్కటియే. ఆ యేడు దానికి వచ్చిన 219 దేశపు సగటుతో సమానము. 2024లో దేశపు సగటు 214 కు దిగజారగా మిసిసిపీ 219 వద్దనే నిలిచి, 9వ స్థానమున కెక్కెను. ఇంతకును ఈ చట్టమునకై రాష్ట్రము పెట్టిన ప్రత్యేకవ్యయము మొదటి యేడు సుమారు 95 లక్షల డాలర్లు, పిదప ఏటేట సుమారు కోటి 50 లక్షల డాలర్లు. జనులమీద పంచిన తలకు అయిదు డాలర్ల మాట.

అయినను మేలును చెప్పి లోటును దాచుట ధర్మము కాదు. స్థానము పెరుగుటకు మిసిసిపీ ఎక్కినది కొంత కారణము, తక్కినవారు దిగినది కొంత కారణము. బలహీనులను మూడవ తరగతిలో ఆపుటవలననే నాల్గవ తరగతి మార్కులు పెరిగినవని కొందఱు ఆక్షేపించిరి. అయితే గడప పెట్టక ముందునుండియు పిల్లలను ఒకే తరగతిలో ఆపు వాడుక ఆ రాష్ట్రమున కలదని తక్కినవారి సమాధానము. ఇంకొక లోటు నిర్వివాదము. ఎనిమిదవ తరగతి పఠనములో ఇట్టి అభివృద్ధి కనబడలేదు. 2024లో కూడ అచ్చట మిసిసిపీ దేశపు సగటునకు దిగువనే యున్నది. మాటను పలుకుట వేఱు, పెద్ద గ్రంథము నర్థము చేసికొనుట వేఱు. మొదటి మెట్టు కట్టిన మాత్రమున మేడ పూర్తి కాదు.

ఎక్కడనో యున్న పత్తి రాష్ట్రపు కథతో మనకేమి పని యని మీ రడుగవచ్చును. పని కలదు. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకును చదువుటయు లెక్కయు రావలెనని 2021లో భారత ప్రభుత్వము నిపుణ్ భారత్ అను పేర ఒక కార్యక్రమము నారంభించినది. గుఱి అదియే. మఱియు 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వబడికి యాజమాన్య కమిటీ యుండవలెను. అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు. అనగా అడుగు అధికారము ఊరివారి చేతికే వచ్చియున్నది. అయితే కమిటీ కూడినప్పుడు సున్నము, గోడ, నీళ్లకుండ, వంటపాత్రల లెక్కతోనే ప్రొద్దు గడచిపోవుట కద్దు. అవియు కావలసినవే.

ఈసారి కమిటీ కూడినప్పుడు హెడ్మాస్టరు గారిని గౌరవముతో రెండు మాట లడుగుడు. మూడవ తరగతిలో చదువలేని పిల్లలు ఎందఱు? వారికొఱకు ఈ నెలలో బడి ఏమి చేయుచున్నది? నిందించునట్లు అడిగినచో జవాబు దాగును. మిసిసిపీ పంతుళ్లవలె తోడుపడువారు ప్రక్కనున్నారని తోచినప్పుడే నిజము బయటపడును. చదువ రాని పిల్లవాని తండ్రి చదువరి కాకపోవచ్చును. కాని సాయంకాలమున బిడ్డను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ఏదీ, ఈ పుట చదివి నాకు కథ చెప్పుము, అని అడుగుటకు అక్షరజ్ఞానము అక్కఱలేదు. పిల్లవాడు తడబడినచో, వానిని కొట్టక, ఆ సంగతి మఱునాడు పంతులకు చెప్పిన చాలును.

మిసిసిపీవారు పోగొట్టుకొన్న దశాబ్దములలో బడి మానిన పిల్లలు ముసలివారైరి. వారికి ఆ చదువు తిరిగి రాలేదు. మన యూరిలో నేడు మూడవ తరగతిలో నున్నవారికి ఇంకను వేళ మించలేదు.

సెలవు.